రాజుగారి జబ్బు ఎప్పుడు బయటికొస్తుంది? బకింగ్‌హామ్ ప్యాలెస్ గోప్యత వెనుక లెక్క

క్లుప్తంగా: రాజు లేదా రాణి ఆరోగ్యం గురించి జనానికి చెప్పి తీరాలన్న చట్టం బ్రిటన్‌లో లేదు. అయినా రెండు వందల ఏళ్లకు పైగా అక్కడి రాజభవనాలు బులెటిన్లు ఇస్తూనే ఉన్నాయి. వాటిని వరసగా పెట్టి చూస్తే ఒక పద్ధతి కనబడుతుంది. జబ్బు వచ్చినప్పుడు ప్రకటన రాదు. ఆ జబ్బు వల్ల నలుగురూ ఎదురుచూస్తున్న కార్యక్రమం ఆగిపోయినప్పుడు వస్తుంది. అందులోనూ జబ్బు పేరు కన్నా, రాజు పని చేయగలడా లేదా అన్నదే ముఖ్యంగా ఉంటుంది.

2024 ఫిబ్రవరి 5న బకింగ్‌హామ్ ప్యాలెస్ ఒక చిన్న ప్రకటన విడుదల చేసింది. 75 ఏళ్ల మూడో చార్లెస్ ప్రోస్టేట్ వాపుకు ఆసుపత్రిలో చికిత్స చేయించుకుంటుండగా డాక్టర్లకు మరో అనుమానం వచ్చిందని, పరీక్షల్లో ‘ఒక రకమైన క్యాన్సర్’ అని తేలిందని, చికిత్స మొదలైందని దాని సారాంశం. ఏ అవయవానికి వచ్చింది, ఏ దశలో ఉంది, ఏం చికిత్స చేస్తున్నారు అన్నవి అందులో లేవు. ప్రోస్టేట్ క్యాన్సర్ మాత్రం కాదని ప్యాలెస్ వర్గాలు విడిగా చెప్పాయి. జనం మధ్యకు వెళ్లే కార్యక్రమాలు వాయిదా పడతాయని, ప్రభుత్వ కాగితాలు చూసే పని మాత్రం ఆగదని ప్రకటనలో స్పష్టంగా ఉంది.

రాజకుటుంబం ఇంత మాత్రం చెప్పడమే గొప్ప అని కొందరు మెచ్చుకున్నారు. దేశాధినేత ఆరోగ్యం విషయంలో ఈ సగం సగం మాటలేమిటని కొందరు విసుక్కున్నారు. ఇద్దరి మాటకూ చరిత్రలో ఆధారం ఉంది. నిజానికి ఆ ప్రకటన పాత సంప్రదాయానికి పెద్ద మినహాయింపేమీ కాదు. పాత పద్ధతిలోనే ఇంకొక అడుగు ముందుకు వేసింది, అంతే.

చట్టానికి కావాల్సింది సంతకం

రాజు ఆరోగ్యం సొంత విషయమా, ప్రజల విషయమా అన్న గందరగోళం బ్రిటన్ వ్యవస్థలోనే ఉంది. పార్లమెంటు ఆమోదించిన బిల్లు చట్టం కావాలంటే రాజు సమ్మతి కావాలి. ప్రధానిని నియమించేది, పార్లమెంటును రద్దు చేసేది కూడా కాగితం మీద రాజే. నిర్ణయాలన్నీ మంత్రులవే అయినా చివర ఆ సంతకం లేకపోతే బండి కదలదు. అందుకే రాజుకు ఏ జబ్బు వచ్చిందన్నది చట్టం పట్టించుకోదు. సంతకం ఎవరు పెడతారన్నదే చూస్తుంది.

దీనికి రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది తాత్కాలికం. రాజుకు ఒంట్లో బాగోలేకపోతే, లేదా దేశంలో లేకపోతే ‘కౌన్సెలర్స్ ఆఫ్ స్టేట్’ అనే ప్రతినిధుల్లో ఇద్దరు కలిసి ఆయన తరఫున కొన్ని పనులు చేయవచ్చు. రాజు జీవిత భాగస్వామి, వారసత్వ వరసలో ముందున్న నలుగురు పెద్దలు ఈ జాబితాలోకి వస్తారు. ఆ లెక్కన రాచవిధులకు దూరమైన హ్యారీ, ఆండ్రూ కూడా అందులో ఉన్నారు. వాళ్లను తీసేయకుండా, 2022 డిసెంబరులో ఒక చిన్న చట్టం చేసి రాజు చెల్లెలు ఆన్, తమ్ముడు ఎడ్వర్డ్ పేర్లు అదనంగా చేర్చారు. ఎవరి మనసూ నొప్పించకుండా పని కానిచ్చేయడం బ్రిటిష్ పద్ధతి.

రెండోది రీజెన్సీ. రాజు మనసో శరీరమో పూర్తిగా సహకరించనప్పుడు ఆయన పేరుతో వేరొకరు పాలిస్తారు. 1937 నాటి చట్టం ప్రకారం ఆ నిర్ణయం ఐదుగురి చేతిలో ఉంటుంది: రాజు భార్య లేదా రాణి భర్త, న్యాయశాఖ మంత్రి లాంటి లార్డ్ చాన్సలర్, పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ స్పీకర్, ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తి, మాస్టర్ ఆఫ్ ది రోల్స్ అనే మరో సీనియర్ న్యాయమూర్తి. వీరిలో కనీసం ముగ్గురు, డాక్టర్ల సాక్ష్యం కూడా చూసి, రాజు విధులు నిర్వర్తించలేరని రాతపూర్వకంగా ప్రకటించాలి. జాబితాలో ప్రధానమంత్రి లేరు. రాజుతో పేచీ పడ్డ ప్రధాని ఆయనకు పిచ్చి అని ముద్ర వేసే వీలు అలా లేకుండా పోయింది.

1937 కన్నా ముందు ఇలాంటి శాశ్వత ఏర్పాటు లేదు. అవసరం వచ్చినప్పుడల్లా పార్లమెంటు అప్పటికప్పుడు చట్టం చేసుకునేది. ఆ పద్ధతి ఎంత ప్రమాదమో 1788లో తెలిసొచ్చింది.

మూడో జార్జ్: పార్లమెంటు ముందుకొచ్చిన పిచ్చి

1788 శరత్కాలంలో మూడో జార్జ్ ప్రవర్తన మారిపోయింది. గంటల తరబడి ఆగకుండా మాట్లాడేవారు. నిద్ర పట్టేది కాదు. ఎదుటివాళ్ల మీద విరుచుకుపడేవారు. ఆయన్ను విండ్సర్ నుంచి క్యూ భవనానికి తరలించారు. ఆస్థాన వైద్యులు ఒంటి మీద బొబ్బలు లేపే మందులు పూశారు. లోపలి విషం బయటికి పోతుందన్నది నాటి నమ్మకం. ఫలితం లేకపోయేసరికి లింకన్‌షైర్‌లో పిచ్చాసుపత్రి నడిపే ఫ్రాన్సిస్ విల్లిస్‌ను పిలిపించారు. ఆయన మతాచార్యుడు, డాక్టరు కూడా. మాట వినకపోతే చేతులు కదలకుండా బిగించే చొక్కా తొడిగేవారు, లేదా కుర్చీకి కట్టేసేవారు. ఆ కుర్చీకి రాజు ‘పట్టాభిషేక సింహాసనం’ అని పేరు పెట్టారని చెబుతారు.

గదిలో ఇది జరుగుతుంటే పార్లమెంటులో జరిగింది మరొకటి. యువరాజు రీజెంట్ అయితే ప్రధాని విలియం పిట్‌ను తప్పించి, తన మిత్రుడు, ‘విగ్’ అనే ప్రతిపక్ష పార్టీ నాయకుడు చార్లెస్ జేమ్స్ ఫాక్స్‌కు అధికారం ఇస్తారని అందరికీ తెలుసు. దాంతో రాజు కోలుకుంటారా లేదా అన్న వైద్య ప్రశ్న, ప్రభుత్వం నిలుస్తుందా కూలుతుందా అన్న రాజకీయ ప్రశ్నగా మారింది. విగ్ పక్షానికి దగ్గరైన డాక్టర్ రిచర్డ్ వారెన్ ఆశ వదులుకోవాల్సిందే అన్నట్టు మాట్లాడేవారు. విల్లిస్ కోలుకుంటారని భరోసా ఇచ్చేవారు. పార్లమెంటు ఆ డాక్టర్లను పిలిచి ప్రశ్నించింది. రోజూ వెలువడే బులెటిన్‌లో ఒక్కో మాట మీద డాక్టర్ల మధ్య వాదులాటలు నడిచాయి.

తమాషా ఏమిటంటే, ఎప్పుడూ పార్లమెంటు హక్కుల గురించి మాట్లాడే ఫాక్స్ ఈసారి యువరాజుది పుట్టుకతో వచ్చిన హక్కు అన్నారు. రాజు మనిషిగా పేరున్న పిట్, ఆ నిర్ణయం పార్లమెంటుదే అన్నారు. అధికారం ఎటుంటే సిద్ధాంతం అటు తిరిగింది. రీజెన్సీ బిల్లు కామన్స్ సభ దాటి ఎగువ సభ అయిన లార్డ్స్‌లో ఉండగా, 1789 ఫిబ్రవరిలో రాజు కోలుకున్నారు. బిల్లు అక్కడే ఆగింది.

ఆ అదృష్టం రెండోసారి దక్కలేదు. 1810 నవంబరులో చిన్న కూతురు అమీలియా చనిపోయింది. దాదాపు అదే సమయంలో రాజుకు జబ్బు తిరగబెట్టింది. 1811 ఫిబ్రవరిలో రీజెన్సీ చట్టం అమల్లోకి వచ్చింది. 1820 జనవరి 29న మరణించే దాకా ఆయన చూపు పోయి, వినికిడి తగ్గి, విండ్సర్ గదుల్లోనే ఉండిపోయారు. వాటర్లూ యుద్ధం జరిగినప్పుడు బ్రిటన్ రాజు ఆయనే. ఆ గెలుపు సంగతి ఆయనకు ఎంతవరకు అర్థమైందన్నది అనుమానమే.

ఇంతకీ ఆ జబ్బు ఏమిటి? 1966లో ఇడా మెకాల్పైన్, రిచర్డ్ హంటర్ అనే తల్లీకొడుకులు, ఇద్దరూ మానసిక వైద్యులే, అది పోర్ఫిరియా అని వాదించారు. రక్తంలో ఎర్రరంగునిచ్చే పదార్థం తయారీలో లోపం వల్ల వచ్చే వంశపారంపర్య వ్యాధి అది. కడుపునొప్పి, మతిచలనం, మూత్రం రంగు మారడం దాని లక్షణాలు. ఈ వాదం బాగా ప్రచారమైంది. ‘రాజుకు పిచ్చి కాదు, ఒంట్లో జబ్బు’ అనడం రాజకుటుంబానికీ అభిమానులకూ ఊరటగా ఉండటం కూడా ఒక కారణం కావచ్చు. 2005లో ఆయన తల వెంట్రుకల్లో ఆర్సెనిక్ ఎక్కువగా ఉందని తేలింది. ఆయనకిచ్చిన మందుల్లోని కల్తీ నుంచే అది చేరి ఉండవచ్చన్నారు. ఆ తర్వాత నాటి వైద్యుల నోట్స్‌ను మొదటి నుంచి తిరగేసిన పరిశోధకులు మాత్రం పోర్ఫిరియా వాదానికి అనుకూలమైన లక్షణాలనే ఏరుకున్నారని, మొత్తం చూస్తే బైపోలార్ తరహా మానసిక వ్యాధికే దగ్గరగా ఉందని తేల్చారు. చనిపోయిన రెండు వందల ఏళ్లకు కూడా రాజు వైద్య పరీక్ష పూర్తి కాలేదన్నమాట.

ఆరోగ్యం రాజవంశాలను మార్చేయడం అంతకుముందే మొదలైంది. 1702 నుంచి 1714 దాకా ఏలిన ఆన్ రాణికి 17 సార్లు గర్భం వచ్చింది. పసితనం దాటి బతికిన బిడ్డ ఒక్కడే. ఆ కొడుకూ 1700లో 11 ఏళ్లకే పోయాడు. మరుసటి ఏడే పార్లమెంటు వారసత్వ చట్టం చేసి, కిరీటాన్ని జర్మనీలోని హనోవర్ బంధువులకు రాసిపెట్టింది. మూడో జార్జ్ ఆ వంశం వాడే.

విక్టోరియా: ఆస్థాన వైద్యుడికే తెలియనివి

విక్టోరియా రాణి 63 ఏళ్లకు పైగా ఏలారు. జనానికి తెలియాల్సింది, తెలియకూడనిది అనే విభజన ఆమె కాలంలో గట్టిపడింది. 1853 ఏప్రిల్‌లో కొడుకు లియోపోల్డ్ పుట్టినప్పటి కాన్పులో డాక్టర్ జాన్ స్నో ఆమెకు క్లోరోఫాం ఇచ్చారు. నొప్పి లేని కాన్పు తప్పని వాదించేవాళ్లు అప్పట్లో చాలామంది. రాణే తీసుకున్నారని తెలిశాక ఆ వ్యతిరేకత మెత్తబడింది. రాజకుటుంబం సొంత వైద్యం జనం వైద్యాన్ని మార్చడానికి ఇదొక పెద్ద ఉదాహరణ.

అదే లియోపోల్డ్ మరో రహస్యం మోసుకొచ్చాడు. అతనికి హీమోఫీలియా, అంటే రక్తం గడ్డకట్టని జబ్బు. 30 ఏళ్ల వయసులో ఫ్రాన్స్‌లో జారిపడి మరణించాడు. విక్టోరియా కూతుళ్లలో ఆలిస్, బియాట్రిస్ ద్వారా ఆ లోపం రష్యా, స్పెయిన్ రాజకుటుంబాలకు పాకింది. రష్యాలో వారసుడు అలెక్సీకి ఆ జబ్బున్న సంగతిని జారు కుటుంబం దాచి ఉంచింది. ఆ దాపరికంలోనే, పిల్లవాడికి నయం చేస్తానని వచ్చిన సాధువు రాస్‌పుటిన్ పలుకుబడి పెరిగింది. 2009లో ఆ జారు కుటుంబం (రొమనోవ్‌లు) ఎముకల డీఎన్ఏ పరీక్షించి అది హీమోఫీలియా బి అని తేల్చారు. లోపమున్న జన్యువు విక్టోరియా వారసుడు ఏడో ఎడ్వర్డ్‌కు రాకపోవడంతో బ్రిటన్ సింహాసనం వరస దాని నుంచి తప్పించుకుంది.

విక్టోరియాకు 20 ఏళ్లు వైద్యం చేసిన జేమ్స్ రీడ్, ఆమె చివరి జబ్బు దాకా ఆమెను మంచం మీద పడుకుని ఉండగా చూడనే లేదు. పొట్టలో హెర్నియా ఉందని, గర్భసంచి జారిందని ఆయనకు తెలిసింది 1901 జనవరిలో ఆమె మరణించాకే. సేవకుడు జాన్ బ్రౌన్ ఫొటో, వెంట్రుకలు తనతో పాటు శవపేటికలో పెట్టాలని ఆమె రాసిపెట్టి వెళ్లారు. ఆ పని గుట్టుగా చేసింది కూడా రీడే.

1887లో భారత్ నుంచి వెళ్లి, రాణికి హిందుస్తానీ నేర్పుతూ ‘మున్షీ’గా ఎదిగిన అబ్దుల్ కరీం సంగతి ఇంకో రకం. రాణి పోయిన వెంటనే కొడుకు ఏడో ఎడ్వర్డ్ మనుషుల్ని పంపి, కరీం దగ్గరున్న రాణి ఉత్తరాలన్నీ తగలబెట్టించారు. కరీంను ఆగ్రాకు తిప్పి పంపేశారు. రాణి డైరీలను కూతురు బియాట్రిస్ ఎంపిక చేసి తిరగరాసి, అసలు ప్రతుల్లో చాలా భాగం కాల్చేసింది. కాబట్టి విక్టోరియా మనసు గురించి ఇవాళ చదివేదంతా ఒక వడపోత తర్వాత మిగిలినదే.

రద్దయిన ముహూర్తం

అంత గుట్టు కోరుకున్న ఏడో ఎడ్వర్డే తన జబ్బు లోకానికి చెప్పుకోవాల్సి వచ్చింది. 1902 జూన్ 26న పట్టాభిషేకం. విదేశీ అతిథులు లండన్ చేరిపోయారు. అపెండిక్స్ దగ్గర చీముగడ్డ ముదిరి రాజు నొప్పితో విలవిల్లాడుతున్నా కార్యక్రమం ఆపనంటారు. ఈ స్థితిలో వెళ్తే శవంగా వెళ్లాల్సి వస్తుందని సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ తేల్చి చెప్పారంటారు. 24వ తేదీన బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనే ఆపరేషన్ జరిగింది. పట్టాభిషేకం ఆగస్టు 9కి మారింది. ముహూర్తం వారం తర్వాత ఉండి ఉంటే లోకానికి ఎంత చెప్పేవారన్నది ఊహించుకోవచ్చు.

ఐదో జార్జ్ చివరి రాత్రి

విశాఖపట్నంలో కేజీహెచ్ అని అందరూ పిలిచే కింగ్ జార్జ్ ఆసుపత్రి పేరులోని రాజు ఈయనే. 1928 చివర్లో ఆయనకు ఛాతీలో ఇన్ఫెక్షన్ సోకి రక్తమంతా విషమయమైంది. పెన్సిలిన్ ఇంకా వాడుకలోకి రాని రోజులవి. డిసెంబరు 12న డాక్టర్ డాసన్ సూదితో వెతికి చీము ఉన్న చోటు పట్టుకున్నారు. ఆపరేషన్ తర్వాత రాజు బతికారు. రేడియోలో బులెటిన్లు వినడం బ్రిటన్ జనానికి అప్పుడే అలవాటైంది. రాజు కోలుకోవడానికి వెళ్లిన బోగ్నర్ అనే సముద్రతీర పట్టణం పేరు చివర ‘రీజిస్’ అనే రాచ బిరుదు చేరింది.

1936 జనవరి 20 కథ వేరు. సాండ్రింగ్‌హామ్ భవనంలో రాజు స్పృహ తప్పుతూ ఉన్నారు. డాసన్ ఒక మెనూ కార్డు తీసుకుని దాని మీద చివరి బులెటిన్ రాశారు: రాజు జీవితం ప్రశాంతంగా ముగింపు వైపు సాగుతోందని. రాత్రి 9.25కు విడుదలైన ఆ ఒక్క వాక్యం రేడియోలో మళ్లీ మళ్లీ వినిపించింది.

11 గంటల ప్రాంతంలో, ఆ స్థితి ఇంకా చాలా గంటలు సాగేలా ఉందని డాసన్ అంచనా వేశారు. మెడ దగ్గరి రక్తనాళంలోకి మొదట మార్ఫిన్, తర్వాత కొకైన్ ఎక్కించారు. నర్సు ఇబ్బంది పడటంతో ఇంజెక్షన్ తానే చేశారు. రాత్రి 11.55కు రాజు కన్నుమూశారు. కారణాన్ని డాసన్ తన నోట్స్‌లో దాచకుండా రాసుకున్నారు. మరణవార్త సాయంత్రం పత్రికల్లో కాకుండా, మర్యాదస్తుల పత్రిక అయిన ‘ది టైమ్స్’ ఉదయం సంచికలో ముందు రావాలి. అందుకోసం లండన్‌లో ఉన్న భార్యకు ఫోన్ చేసి, ముద్రణ కాస్త ఆపమని ఆ పత్రికకు చెప్పించారు. జబ్బు నయం కానిదైతే ప్రాణాన్ని ఊరికే సాగదీయవద్దని మేరీ రాణి, యువరాజు చెప్పిన మాట నిజమే. సాగదీయకపోవడం వేరు, ముగించడం వేరు.

అదే ఏడాది డిసెంబరులో కారుణ్య మరణాల బిల్లు లార్డ్స్ సభకు వచ్చింది. అలాంటివి డాక్టరు విచక్షణకు వదిలేయాలి గాని చట్టం అక్కర్లేదని డాసన్ మాట్లాడారు. బిల్లు ఓడిపోయింది. ఆ నోట్స్ ఆయన జీవితచరిత్ర రాసిన ఫ్రాన్సిస్ వాట్సన్ కంట పడినా, డాసన్ భార్య కోరిక మీద 1950 నాటి పుస్తకంలో ఆ ఊసెత్తలేదు. 1986లో మాత్రం బయటపెట్టారు. అంటే ఒక రాజు ఎలా చనిపోయాడో దేశానికి తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది.

పత్రికల మౌనం ఎంతకాలం?

ఈ గుట్టు ప్యాలెస్ ఒక్కటే కాపాడలేదు. పత్రికలూ చేతులు కలిపాయి. ఐదో జార్జ్ తర్వాత రాజైన కొడుకు ఎనిమిదో ఎడ్వర్డ్, అమెరికా మహిళ వాలిస్ సింప్సన్‌ల ప్రేమ వ్యవహారం 1936 వేసవికే అమెరికా పత్రికల్లో రోజువారీ వార్త. బ్రిటన్‌లో మాత్రం పత్రికల యజమానులు రాజు కోరిక మేరకు నోరు కట్టేసుకున్నారు. దేశంలోకి వచ్చే అమెరికా పత్రికల్లోంచి ఆ పేజీలు కత్తిరించిన సందర్భాలూ ఉన్నాయి. డిసెంబరు 1న బ్రాడ్‌ఫర్డ్ బిషప్ ఒక ప్రసంగంలో రాజుకు దైవానుగ్రహం అవసరమన్నారు. ఆయన ఉద్దేశం ప్రేమ వ్యవహారం కానే కాదట. కానీ పత్రికలకు అదే సందు దొరికింది. డిసెంబరు 3న వార్త పేలింది, 11కల్లా రాజు సింహాసనం వదిలేశారు. రెండుసార్లు విడాకుల మెట్లెక్కిన మహిళను పెళ్లాడతానన్నది రాజు సొంత విషయంగా ఉండలేకపోవడానికి కారణం ఆయన చర్చికి అధిపతి కావడమే.

తమ్ముడు ఆరో జార్జ్ విషయంలోనూ ఇదే జరిగింది. 1948 నవంబరులో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటన వాయిదా వేయక తప్పనప్పుడే ఆయన కాలి రక్తనాళాల జబ్బు బయటికొచ్చింది. నిండు నెలల కూతురు ఎలిజబెత్‌కు కాన్పు అయ్యేదాకా చెప్పొద్దని ఆయన కట్టడి చేశారు. ఆ కాన్పులో పుట్టిన బిడ్డే నేటి రాజు చార్లెస్. 1951 సెప్టెంబరు 23న బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోని ఒక గదిని ఆపరేషన్ థియేటర్‌గా మార్చి, క్లెమెంట్ ప్రైస్ థామస్ ఆయన ఎడమ ఊపిరితిత్తి తీసేశారు. జనానికి చెప్పింది ఊపిరితిత్తిలో ‘నిర్మాణపరమైన మార్పులు’ వచ్చాయని మాత్రమే. అది క్యాన్సర్ అన్న మాట రాజుకైనా చెప్పారా అన్నది అనుమానం. 1952 ఫిబ్రవరి 6న నిద్రలోనే పోయారు, గుండె రక్తనాళంలో గడ్డ వల్ల. వయసు 56.

సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న లంకెను రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లోనే ప్రచురించారు. ఏడో ఎడ్వర్డ్ నుంచి ఆరో జార్జ్ దాకా వరసగా నలుగురు రాజులూ విపరీతంగా పొగ తాగినవాళ్లే. ఎనిమిదో ఎడ్వర్డ్ 1972లో గొంతు క్యాన్సర్‌తో పారిస్‌లో చనిపోయారు. 1951లో ‘క్యాన్సర్’ అన్న ఒక్క మాట బులెటిన్‌లో ఉండి ఉంటే బ్రిటన్‌లో ఎంతమంది సిగరెట్టు మానేసేవారో. గోప్యతకు ఖరీదు ఉంటుందనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ కనిపించదు.

ఎలిజబెత్ నుంచి చార్లెస్ దాకా

రెండో ఎలిజబెత్ 70 ఏళ్ల పాలనలో ఆరోగ్యం పెద్దగా చర్చకు రాలేదు, చివరి ఏడాది తప్ప. 2021 అక్టోబరు 20న ఉత్తర ఐర్లాండ్ పర్యటన రద్దు చేసి, డాక్టర్ల సలహాతో విశ్రాంతి తీసుకుంటున్నారని ప్యాలెస్ చెప్పింది. ఆ రాత్రి ఆమె లండన్ ఆసుపత్రిలో ఉన్నారు. మర్నాడు ‘ది సన్’ పత్రిక ఆ సంగతి బయటపెట్టాకే ప్యాలెస్ ఒప్పుకుంది. 2022 మేలో పార్లమెంటు ప్రారంభానికి ‘నడవడంలో ఇబ్బంది’ కారణంగా రాలేకపోయి, ఆ పనిని చార్లెస్, విలియంలకు అప్పగించారు. సెప్టెంబరు 6న లిజ్ ట్రస్‌ను ప్రధానిగా నియమించినప్పటి ఫొటోలో ఆమె చేతి మీది నల్లటి కమిలిన మచ్చ ప్రకటనలన్నిటికన్నా ఎక్కువ చెప్పింది.

8వ తేదీ సాయంత్రం 6.30కు మరణవార్త ప్రకటించారు. మరణ సమయం మధ్యాహ్నం 3.10 అని లోకానికి తెలిసింది, స్కాట్లండ్ రికార్డుల కార్యాలయం మూడు వారాల తర్వాత మరణ ధ్రువపత్రం విడుదల చేయడం వల్ల. విలియం తదితరులు విమానంలో ఉండగానే ఆమె పోయారన్నమాట. కారణం దగ్గర రాసింది ఒక్కటే: వృద్ధాప్యం. ఆమెకు ఒక రకమైన ఎముక క్యాన్సర్ ఉండేదని మాజీ ప్రధాని బోరిస్ జాన్సన్ 2024లో తన జ్ఞాపకాల్లో రాశారు. ప్యాలెస్ దాన్ని ధ్రువీకరించలేదు.

సమాచార హక్కు చట్టం ఇక్కడ పనిచేయదు. రాజకుటుంబ కార్యాలయం ఆ చట్టం పరిధిలోకే రాదు. రాజుతో ప్రభుత్వ శాఖల ఉత్తర ప్రత్యుత్తరాలకు 2011 నుంచి పూర్తి మినహాయింపు ఉంది. వీలునామాల సంగతీ అంతే. ప్రిన్స్ ఫిలిప్ వీలునామాను 90 ఏళ్లు మూసి ఉంచాలని 2021లో హైకోర్టు ఆదేశించింది.

ఈ నేపథ్యంలో చార్లెస్ తీరు చూడాలి. ప్రోస్టేట్ చికిత్స సంగతి 2024 జనవరి 17నే, ఆసుపత్రికి వెళ్లకముందే చెప్పేశారు. మగవాళ్లు పరీక్షలు చేయించుకోవాలన్నది తన ఉద్దేశమన్నారు. ఆ రోజు బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ వెబ్‌సైట్‌లో ఆ సమస్య గురించి చదివినవాళ్లు పది రెట్లకు పైగా పెరిగారు. క్యాన్సర్ సంగతీ పుకార్లు రాకముందే చెప్పారు. అదే సమయంలో పొట్ట ఆపరేషన్ చేయించుకున్న కోడలు కేట్ గురించి ప్యాలెస్ పెద్దగా ఏమీ చెప్పకపోయేసరికి సోషల్ మీడియా రకరకాల కథలు అల్లింది. మార్చి 10న విడుదల చేసిన ఫొటో ఎడిట్ చేసిందని తేలి, అసోసియేటెడ్ ప్రెస్, రాయిటర్స్ లాంటి వార్తా సంస్థలు వెనక్కి తీసుకోవడంతో పరువు సమస్య వచ్చింది. చివరికి మార్చి 22న ఆమే కెమెరా ముందు కూర్చుని తనకూ క్యాన్సరని చెప్పాల్సి వచ్చింది. పత్రికల యజమానులు నలుగురితో మాట్లాడుకుంటే సరిపోయే రోజులు పోయాయి. 1936 నాటి మౌనం ఇప్పుడు ఆరు రోజులు కూడా నిలవదు.

పొరుగు రాజ్యాల్లో

యూరప్‌లోని మిగతా రాజకుటుంబాలు ఈ చిక్కును వేరుగా విప్పుకున్నాయి. నార్వే రాజు హరాల్డ్‌కు మూత్రాశయ క్యాన్సర్ అని 2003లో అక్కడి ప్యాలెస్ పేరు పెట్టే చెప్పింది. 2023లో వెన్ను ఆపరేషన్ చేయించుకున్న డెన్మార్క్ రాణి మార్గరెత, అదే కారణంగా చూపి 2024 జనవరి 14న కొడుక్కి సింహాసనం అప్పగించారు. నెదర్లాండ్స్‌లో వయసు మీద పడ్డాక తప్పుకోవడం మామూలు విషయం.

బ్రిటన్‌లో సింహాసనం వదలడం అంటే 1936 సంక్షోభమే గుర్తొస్తుంది. అందుకే అక్కడి రాజులు చివరి ఊపిరి దాకా ఉంటారు, పనులు మాత్రం ఒక్కొక్కటిగా చేతులు మారతాయి. ఎలిజబెత్ దూరదేశాల ప్రయాణాలు మానేశారు. 2017 నుంచి యుద్ధ వీరుల స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఆమె తరఫున చార్లెస్ ఉంచారు. ఏ చట్టమూ ప్రయోగించకుండానే సగం రీజెన్సీ నడిచింది.

శరీరం అలిసినప్పుడు ఈ సర్దుబాటు బాగానే నడుస్తుంది. మతిమరుపు లాంటి జబ్బు మెల్లమెల్లగా వస్తే ఇబ్బంది. కౌన్సెలర్లకు పని అప్పగించే పత్రం మీద సంతకం పెట్టాల్సింది రాజే. 1937 చట్టంలోని ఐదుగురూ ముందుకు రావాలంటే ఎవరో ఒకరు మొదట నోరు విప్పాలి. 2025 డిసెంబరులో చార్లెస్ ఒక వీడియో సందేశంలో, కొత్త ఏడాదిలో తన క్యాన్సర్ చికిత్స తగ్గుతుందని చెప్పారు. అప్పుడు కూడా ఏ క్యాన్సరో చెప్పలేదు. ఆ ఐదుగురిలో ప్రస్తుతం కెమిల్లా రాణి ఒకరు, మిగతా నలుగురూ పదవుల వల్ల వచ్చినవాళ్లు. రాజు వైద్య నివేదికలు ఆ నలుగురికి క్రమంగా అందాలన్న నిబంధన చట్టంలో ఎక్కడా లేదు.